గాడి తప్పిన పాట: కృష్ణా డెల్టాలో గ్రామఫోను నుంచి మైకుసెట్టు దాకా

రికార్డు మీద పాట అంటే ఒక గాడి. ప్లేటు అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోయే ఆ గాడి, గాయకుడి గొంతుకు తగ్గట్టు అటూ ఇటూ వంకర్లు తిరుగుతుంది. ప్లేటు తిరిగేటప్పుడు ఆ వంకర్లు ముల్లును ఊపుతాయి. ముల్లు ఊపే మళ్లీ శబ్దమవుతుంది. కాబట్టి పాటకూ యంత్రానికీ మధ్య అడ్డు ఏమీ లేదు. మోటారు వణికితే గొంతు వణుకుతుంది. స్ప్రింగు జారితే శ్రుతి జారుతుంది. రబ్బరు గట్టిపడితే హార్మోనియం గరగరలాడుతుంది.

విజయవాడలోనూ, చుట్టూ ఉన్న కృష్ణా డెల్టా పల్లెల్లోనూ 20వ శతాబ్దమంతా పాట ఇలాంటి యంత్రాల గుండానే జనం చెవిన పడింది. మొదట కీ ఇచ్చే గ్రామఫోను వచ్చింది. తరవాత కరెంటుతో తిరిగే రికార్డు ప్లేయరు, దానికి తోడుగా మైకుసెట్టు, చివరికి కేసెట్టు వచ్చాయి. తరం మారిన ప్రతిసారీ జబ్బు పుట్టే చోటు మారింది. దాన్ని కనిపెట్టే సూత్రం మాత్రం మారలేదు. యంత్రంలో తిరిగే ప్రతి భాగానికీ తనదైన వేగం ఉంటుంది, ఆ భాగంలో లోపం ఉంటే అది ఆ వేగంతోనే చప్పుడు చేస్తుంది. చప్పుడుకు తాళం వేసి చూస్తే దాని ఇల్లు ఎక్కడో తెలుస్తుంది. మరమ్మతు చేసేవాడి పనిముట్లలో స్క్రూడ్రైవరు కన్నా ముందు నిలిచేది చెవి.

ప్లేట్లు వచ్చిన దారి

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును, పదేళ్ల తరవాత ఎమిల్ బెర్లినర్ పళ్లెం ఆకారపు రికార్డుతో గ్రామఫోనును తయారుచేశారు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలు రికార్డు చేశాడు. మొదట్లో ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడల మీద వచ్చేవి. 1908లో కలకత్తాలో కర్మాగారం మొదలయ్యాక ఇక్కడే తయారయ్యాయి. ప్లేటుకు ప్రాణమైన లక్క మన దేశపు అడవుల సరుకే.

ఈ ప్లేట్లు అందుకోవడానికి డెల్టా అప్పటికే సిద్ధంగా ఉంది. 1855కల్లా బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవల కింద వరి విస్తరించింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలిసే కూడలిగా బెజవాడ ఎదిగింది. రైతు చేతిలో పైకం ఆడింది. సరుకు రైల్లో దిగి, పడవల్లో కాలవ వెంబడి ఊళ్లకు చేరింది.

వినే అలవాటు అంతకన్నా పాతది. కూచిపూడి భాగవతుల యక్షగానం ఈ నేల మీదిదే. తిరుపతి వేంకట కవుల భారత నాటకాల పద్యాలు ఊరూరా నోట్లో నానేవి. మైలవరం నాటక సమాజం వంటివి పద్యం పాడగల నటుల్ని తయారుచేశాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య వంటి రంగస్థల గాయకుల గొంతులు ప్లేట్లకెక్కాయి. 10 అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే పాడుతుంది. రాత్రంతా సాగే నాటకాన్ని అందులో ఇరికించడానికి రాగాన్ని కుదించి పాడారు. కొన్ని నాటకాలు వరసగా అనేక ప్లేట్ల సెట్లుగా వచ్చాయి.

విజయవాడలో 1921లో మారుతీ టాకీస్, 1929లో దుర్గా కళామందిరం వెలిశాయి. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చాక సినిమా పాట కూడా ప్లేటుకెక్కింది. గాంధీనగర్ సినిమా పంపిణీదారుల పేట అయింది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు సినిమా పాటలతో పాటు కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వంటి విడి పద్యాల ప్లేట్లతో కూడా ఇళ్లలోకి వచ్చింది.

ఈ వినికిడికీ యంత్రపు జబ్బులకూ దగ్గరి సంబంధం ఉంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు గాయకుడు ఒక స్వరం మీద చాలాసేపు నిలుస్తాడు. వెనక హార్మోనియం కదలకుండా శ్రుతి పట్టుకుని ఉంటుంది. వేగంలో వచ్చే ఏ చిన్న తేడా అయినా అలాంటి నిలకడ స్వరం మీద వెంటనే బయటపడుతుంది. డోలు దరువులోనో మాటల్లోనో అదే తేడా ఉన్నా చెవికి తగలదు. అందువల్ల డెల్టా వాసులు ఎక్కువగా విన్న నాటక పద్యాల ప్లేట్లే గ్రామఫోనుకు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష పెట్టేవి.

సౌండ్‌బాక్సు: మొదటి అనుమానం

కీ ఇచ్చే గ్రామఫోనులో కరెంటు పని ఏమీ లేదు. ముల్లు ఊపు ఒక చిన్న లోహపు కడ్డీ గుండా సౌండ్‌బాక్సులోని పలచని పొరకు చేరుతుంది. పొర గాలిని కదిలిస్తుంది. ఆ కదలికను బాకా పెద్దది చేస్తుంది. తొలి పెట్టెల్లో ఈ పొర అభ్రకానిది. 1920ల చివరి నుంచి వచ్చిన కొత్త రకం సౌండ్‌బాక్సుల్లో, ఎంతో పేరు పొందిన హెచ్.ఎం.వి. 102 పోర్టబుల్ పెట్టెలో కూడా, అల్యూమినియం పొర ఉంది.

అభ్రకపు పొర అంచును రెండు పక్కలా మెత్తటి రబ్బరు వలయాలు పట్టుకుని ఉంటాయి. కొన్నేళ్లకు ఆ రబ్బరు ఎండి గట్టిపడుతుంది. అప్పుడు పొర స్వేచ్ఛగా ఊగలేదు. పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచబడుతుంది. గొంతు హెచ్చిన చోటల్లా గరగర పుడుతుంది. కడ్డీ పొరను తాకే చోట ఉండే చిన్న మర వదులైతే చిటపటలాడుతుంది. దాన్ని బిగించి, మీద ఒక చుక్క తేనెమైనం వేస్తే సరిపోతుంది. సౌండ్‌బాక్సు, దాన్ని మోసే గొట్టపు చేతికి కలిసేచోట గాలి కారితే గరగర ఉండదు, కానీ కింది స్వరాలు వినపడవు.

ఇంతకన్నా ముందు చూడవలసింది ముల్లు. లక్క ప్లేటులో కలిపే రాతిపొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. ఒక పక్క పాడేసరికి ముల్లు మొన అరిగి పదునైన అంచులు తేలతాయి. దాన్నే మళ్లీ వాడితే ఆ అంచులు గాడిని చెక్కేస్తాయి. సౌండ్‌బాక్సు బరువు ముల్లు మీద వంద గ్రాములకు పైగా పడుతుంది కనక నష్టం త్వరగా జరుగుతుంది. అందుకే పక్కకో ముల్లు అన్నది నియమం, ముళ్లు చిన్న రేకు డబ్బాల్లో వందల లెక్కన అమ్మేవారు. పొదుపు కోసం ఒకే ముల్లుతో నాలుగైదు పక్కలు పాడించిన ఇళ్లలో ప్లేట్లు బూడిదరంగుకు తిరిగాయి. ఆ గరగర ప్లేటుదే. ఎన్ని సౌండ్‌బాక్సులు మార్చినా అది పోదు.

స్ప్రింగు, గవర్నరు: శ్రుతి జారే చోట్లు

పెట్టె లోపల డబ్బాలాంటి గూట్లో కొన్ని మీటర్ల ఉక్కు పట్టీ చుట్టుకుని ఉంటుంది. కీ ఇస్తే అది బిగుసుకుంటుంది, విప్పుకుంటూ టర్న్‌టేబుల్‌ను తిప్పుతుంది. చుట్టలు ఒకదాని మీద ఒకటి జారడానికి మధ్యలో గ్రాఫైటు కలిపిన గ్రీజు పెడతారు. అది ఎండి జిగురుగా మారితే చుట్టలు అంటుకుపోయి ఒక్కసారిగా ఊడతాయి. పెట్టెలోంచి ధబ్బుమని మోత వస్తుంది, పాట క్షణంపాటు తొట్రుపడుతుంది. ఈ మోతకు పాట తాళంతో సంబంధం లేదు. స్ప్రింగు గూడు చాలా నెమ్మదిగా తిరుగుతుంది కనక మోతకూ మోతకూ మధ్య చాలా ఎడం ఉంటుంది. అలాంటి ఎడం ఉన్న చప్పుడు వినగానే స్ప్రింగును అనుమానించవచ్చు. బిగిసి ఉన్న స్ప్రింగు గూడు విప్పడం మాత్రం ప్రమాదకరం. ఉక్కు పట్టీ విదిలించుకుంటే చెయ్యి తెగుతుంది. స్ప్రింగు పూర్తిగా విప్పుకున్నాకే గూటి మీద చెయ్యి వెయ్యాలి.

టర్న్‌టేబుల్ వేగాన్ని నిలిపేది గవర్నరు. చిన్న ఇరుసు చుట్టూ మూడు పలచని రేకు స్ప్రింగులు, వాటి నడుమ మూడు గుండ్లు ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు బయటికి ఉబ్బి ఒక బిళ్లను లాగుతాయి. బిళ్ల తోలు మెత్తకు రాసుకుని వేగం తగ్గుతుంది. మూడు రేకుల్లో ఒకటి వంగినా, ఒక గుండు వదులైనా గవర్నరు తూకం తప్పుతుంది. ఇరుసు చాలా వేగంగా తిరుగుతుంది కనక ఈ లోపం పాటలో సన్నని వణుకుగా వినిపిస్తుంది, హార్మోనియం శ్రుతికి జ్వరం వచ్చినట్టు. తోలు మెత్త ఎండితే కీచుమంటుంది. వేగం ఒకసారి హెచ్చి ఒకసారి తగ్గుతుంది. ఒక్క చుక్క నూనె ఈ జబ్బును తగ్గిస్తుంది. నూనె ఎక్కువైతే మెత్త జారి పాట పరుగెత్తుతుంది.

వేగం సరిగా ఉందో లేదో చూడడానికి గడియారం, కాగితం ముక్క చాలు. ప్లేటు అంచు కింద కాగితం పెట్టి, ముల్లు గాడిలో ఉండగానే ఒక నిమిషం లెక్కపెట్టాలి. 78 సార్లు కనబడితే వేగం సరే. ముల్లు ఎత్తి లెక్కపెట్టడం పొరపాటు, ఎందుకంటే ముల్లు రాపిడి కూడా మోటారు మొయ్యవలసిన బరువే. 78 చుట్లు 73, 74కు తగ్గితే పాట హార్మోనియం మీద ఒక మెట్టు దిగుతుంది. తొలి రోజుల ప్లేట్లు అన్నీ కచ్చితంగా 78 వేగంతో రికార్డయినవి కావు. అటువంటి ప్లేటు పాడించేటప్పుడు హార్మోనియం పక్కన పెట్టుకుని, పాట ఏదో ఒక మెట్టుతో సరిగ్గా కలిసేదాకా వేగాన్ని సర్దుకోవడం మంచి పద్ధతి.

ప్లేటు జబ్బు, పెట్టె జబ్బు

లోపం ప్లేటుదా, పెట్టెదా అన్నది మొదట తేల్చుకోవాలి. వేరే ప్లేటు వేస్తే సగం తేలిపోతుంది. మిగతాది లెక్క చెబుతుంది. 78 వేగపు ప్లేటు ఒక చుట్టుకు 0.77 సెకను తీసుకుంటుంది. చప్పుడు 10 సెకన్లలో 13 సార్లు వినిపిస్తే అది ప్లేటుదో టర్న్‌టేబుల్‌దో అయి ఉండాలి. 45 వేగపు చిన్న ప్లేటుకు 12 సెకన్లలో 9 సార్లు, 33⅓ వేగపు ఎల్.పి.కి 18 సెకన్లలో 10 సార్లు.

చుట్టుకొకసారి టక్కుమంటే ప్లేటుకు పగులు ఉంది. చుట్టుకొకసారి శ్రుతి పైకి పోయి కిందికి వస్తుంటే నడిమి చిల్లి పక్కకు జరిగింది. అప్పుడు ముల్లు చెయ్యి అటూ ఇటూ ఊగడం కంటికే కనబడుతుంది. చెయ్యి పైకీ కిందికీ ఊగితే ప్లేటు వంకరపోయింది. డెల్టాలో ఈ చివరి జబ్బు మామూలే. మే నెల వడగాడ్పుల్లో లక్క మెత్తబడుతుంది. గోడకు ఏటవాలుగా ఆనించిన ప్లేటు రెండు మూడు రోజుల్లో గిన్నెలా వంగిపోతుంది. రెండు అద్దపు పలకల మధ్య పెట్టి సన్నటి ఎండలో వేడెక్కనిచ్చి, నీడలో చల్లారనిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వానాకాలంలో ఇంకో చిక్కు. తేమకు అట్ట కవరు బూజు పట్టి, ఆ బూజు గాడిలోకి దిగి సన్నటి రొద పుడుతుంది. కాలవగట్టు ఊళ్లలో ప్లేట్లను గాలి ఆడేలా నిలువుగా పేర్చడం అందుకే మంచిది.

పదిమందికి పాట: జూక్‌బాక్సు, మైకుసెట్టు

పదిమంది కూడే చోట పాట వినిపించే పనికి అమెరికాలో జూక్‌బాక్సు పుట్టింది. నాణెం వేసి మీట నొక్కితే యంత్రమే ప్లేటును తీసి, పాడించి, తిరిగి గూట్లో పెడుతుంది. 1920ల చివర్లో విద్యుత్తుతో శబ్దం పెంచే రకాలు వచ్చాయి. 1948లో సీబర్గ్ కంపెనీ వంద పాటలు ఎంచుకోగల ఎం100ఏ అనే రకాన్ని తెచ్చింది. మరుసటి ఏడు ఆర్.సి.ఎ. విక్టర్ తెచ్చిన 45 వేగపు చిన్న ప్లేట్లు ఈ పెట్టెలకు సరిగ్గా అమరాయి.

కృష్ణా డెల్టాలో ఆ పని మైకుసెట్టుది. పెళ్లిపందిరి, సంక్రాంతి, దసరా ఉత్సవం, గుడి తిరునాళ్లు, ఎన్నికల సభ, ఏదైనా సరే ముందు చెట్టుకో వెదురుగడకో హారన్లు కట్టేవారు. షికాగో రేడియో, అహూజా వంటి భారతీయ కంపెనీల ఆంప్లిఫయర్లు, వాటికి తోడు రికార్డు ప్లేయరు, ప్లేట్ల పెట్టె, మైకు, కరెంటు లేని పల్లెకు బ్యాటరీ, ఇవన్నీ కలిస్తే సెట్టు. జూక్‌బాక్సులో పాట ఎంచే పని మీటది, ఇక్కడ మైకుసెట్టు కుర్రాడిది. సుప్రభాత వేళ భక్తిగీతాలు, పెళ్లి వేళ సినిమా పాటలు, పొద్దుగుంకాక నాటక పద్యాలు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం ఎల్.పి. వచ్చాక గుడి హారన్లకు తెల్లవారుజాము పాట స్థిరపడింది. ఘంటసాల కన్నుమూసిన 1974లోనే వెలువడిన భగవద్గీత ఎల్.పి. కూడా అలాగే ఊరి గాలిలో కలిసింది.

జూక్‌బాక్సులో వచ్చే యంత్ర లోపాలూ మైకుసెట్టు ప్లేయరులో వచ్చేవీ చాలావరకు ఒకటే. రెండింటిలోనూ కరెంటు మోటారు, రబ్బరు చక్రం, ముల్లు, దాని ఊపును కరెంటుగా మార్చే పికప్ ఉన్నాయి. తేడా వాడుకలో ఉంది. జూక్‌బాక్సు ఒకచోట కదలకుండా ఉంటుంది. మైకుసెట్టు ఎడ్లబండి మీదా, సైకిలు వెనకా, బస్సు టాపు మీదా ఊళ్లు తిరిగింది. దుమ్ము, అదురు, ఎండ, వాన దానికి నిత్యం.

ఇంకో మార్పు 1948 డిసెంబరు 1న వచ్చింది. ఆ రోజు విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు పనిచేసిన ఆ కేంద్రం నుంచి నికరమైన శ్రుతితో సంగీతం ప్రతి ఇంటికీ చేరింది. ఇంట్లో ప్లేటును రేడియోతో పోల్చి చూసుకునే వీలు కలిగింది. రేడియోలో విన్న పాట తమ పెట్టెలో మెట్టు దిగి వినిపిస్తే, జబ్బు ఎవరిదో ఎవరూ చెప్పనక్కరలేదు.

మోటారు, రబ్బరు చక్రం

కరెంటు ప్లేయరులో మోటారు ఇరుసుకు మెట్లు మెట్లుగా ఉన్న చిన్న కప్పీ ఉంటుంది. దానికీ టర్న్‌టేబుల్ లోపలి అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒరుసుకుని తిరుగుతుంది. వేగం మార్చే మీట ఈ చక్రాన్ని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జరుపుతుంది. ప్లేయరు ఆపేటప్పుడు మీటను ఆఫ్ దగ్గర పెట్టకపోతే చక్రం కప్పీకి నొక్కుకునే ఉంటుంది. సెట్టు కొన్ని వారాలు మూల పడితే రబ్బరు మీద చొట్ట పడుతుంది. తిరగడం మొదలుపెట్టగానే డబ్ డబ్ డబ్ అని తొందర మోత వస్తుంది. చక్రం టర్న్‌టేబుల్ కన్నా చాలా చిన్నది. ప్లేటు ఒక చుట్టు తిరిగేలోపే ఈ మోత అనేకసార్లు వినిపిస్తుంది. చుట్టుకొకసారి వచ్చే ప్లేటు మోతనూ, దీన్నీ విడదీసేది ఈ లెక్కే.

గురగుర రొద మోటారుదా, చక్రానిదా అన్న సందేహం తీర్చడానికి మంచి ఉపాయం ఉంది. వేగం మీటను 78 నుంచి 33⅓కు జరపాలి. మోటారు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, కాబట్టి రొద స్వరం మారకపోతే అది మోటారుది. టర్న్‌టేబుల్ మందగించిన మేరకు మోత కూడా మందగిస్తే అది చక్రానిదో, టర్న్‌టేబుల్ ఇరుసుదో. మోటారు రొద చాలాసార్లు మోటారు తప్పే కాదు. దాన్ని పలక నుంచి వేరుచేసే రబ్బరు బిళ్లలు గట్టిపడితే అదురు నేరుగా ముల్లుకు ఎక్కుతుంది. మద్దెల, తంబూరా వంటి కింది స్వరాలున్న ఎల్.పి. పాటల్లో ఈ రొద బాగా చికాకు పెడుతుంది.

పాట ఉండి ఉండి మందగిస్తే చక్రం మీద నూనె పడి జారుతున్నట్టు. స్పిరిటు గుడ్డతో రబ్బరునూ, టర్న్‌టేబుల్ అంచునూ తుడిస్తే కుదురుతుంది. రబ్బరు మెరుగెక్కితే గరుకు కాగితంతో రుద్దాలి, చొట్టపడితే లేతు మీద సన్నగా కోసి గుండ్రం చెయ్యాలి. ఆటోనగర్ వంటి పెద్ద మరమ్మతుల పేట ఉన్న విజయవాడలో లేతు పనికి కొరత లేదు. సాయంత్రం దీపాల వేళ, పొలాల్లో మోటార్లు తిరిగే వేళ వోల్టేజి పడిపోతే ఈ రకం మోటారు బలం తగ్గి బరువుకు మందగిస్తుంది. పగలు బాగా పాడి రాత్రి శ్రుతి దిగే సెట్టులో రోగం యంత్రానిది కాదు, తీగలో వచ్చే కరెంటుది.

వేగం కొలవడానికి ఇక్కడ కాగితం ముక్క కన్నా సూక్ష్మమైన సాధనం దొరికింది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, దానితో వెలిగే బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 77 నల్లగీతలు సమంగా గీసిన గుండ్రటి అట్టను ఆ వెలుగులో 78 వేగంతో తిప్పితే గీతలు నిలిచిపోయినట్టు కనబడతాయి. 33⅓కు 180 గీతలు, 45కు 133 గీతలు కావాలి. గీతలు తిరిగే దిక్కుకే పాకితే వేగం ఎక్కువ, వెనక్కు పాకితే తక్కువ. గీతలు ముందుకూ వెనక్కూ తూగుతుంటే వేగం నిలకడగా లేదని అర్థం, అప్పుడు రబ్బరు చక్రాన్ని చూడాలి.

ముల్లు, క్రిస్టల్, డెల్టా తేమ

తొలి కరెంటు పికప్‌లు చాలావాటిలో రోషెల్ లవణపు స్ఫటికం ఉండేది. ముల్లు దాన్ని మెలితిప్పినప్పుడు సన్నటి కరెంటు పుడుతుంది. ఈ స్ఫటికానికి తేమ, వేడి రెండూ శత్రువులే. గాలిలో తేమ ఎక్కువైతే అది నీరు పీల్చుకుని కరిగిపోతుంది. వేడి 55 డిగ్రీలు దాటితే శాశ్వతంగా చెడిపోతుంది. తీరానికి దగ్గరగా, కాలవల నడుమ ఉండే దివిసీమ, బందరు ప్రాంతాల్లో వానాకాలపు తేమ, విజయవాడలో వేసవి ఎండలో మూసిన పెట్టెలో పుట్టే వేడి దాన్ని త్వరగా తినేశాయి. కింది స్వరాలు ముందు పోతాయి, తరవాత మొత్తం శబ్దం సన్నగిల్లుతుంది, గొంతు ముక్కుతో పలికినట్టవుతుంది. ఇది యంత్రపు అరుగుదల కాదు కనక నూనె, శుభ్రత పనిచెయ్యవు, పికప్ మార్చవలసిందే. తరవాత వచ్చిన సిరామిక్ పికప్ ఈ రెండు శత్రువులనూ తట్టుకుంది.

ముల్లు ఎంపికలో జరిగే పొరపాటు కూడా గరగరకు కారణమే. 78 గాడి వెడల్పు, దానికి మొన వ్యాసార్థం సుమారు 0.07 మిల్లీమీటర్లు ఉండాలి. ఎల్.పి. గాడి సన్నం, మొన 0.025 లోపు చాలు. చాలా ప్లేయర్లలో పికప్‌కు రెండు ముళ్లుంటాయి, చిన్న మీట తిప్పి మార్చుకోవాలి. ఎల్.పి. ముల్లుతో 78 ప్లేటు వేస్తే అది గాడి అడుగున దుమ్ములో పొర్లుతూ బుసబుసలాడుతుంది. 78 ముల్లుతో ఎల్.పి. వేస్తే పాట చెడడమే కాదు, గాడి గోడలు నలిగి ప్లేటే పోతుంది. కరెంటు ప్లేయరు ముల్లు ఉక్కుది కాదు, నీలమో వజ్రమో. అది నెలల తరబడి పనిచేస్తుంది కనక అరిగిన సంగతి ఎవరికీ గుర్తురాదు. పాట ప్లేటు అంచు దగ్గర బాగుండి, లోపలికి పోయేకొద్దీ ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర చిరచిరలాడితే ముల్లును భూతద్దం కింద చూడాలి.

హారన్లు

వెదురుగడ మీది హారన్ లోపల ఒక పలచని పొర, దానికి అంటుకున్న తీగచుట్ట ఉంటాయి. తీగచుట్ట అయస్కాంతపు సన్నటి సందులో కదులుతుంది. ఆ సందులో తుప్పు రజను చేరినా, కిందపడి చట్రం వంగినా తీగచుట్ట గోడకు రాసుకుంటుంది. అప్పుడు మెల్లగా పాడినా గరగర ఉంటుంది. పొర చిట్లితే మెల్లగా పాడినప్పుడు బాగుండి, గొంతు హెచ్చితేనే చీలుతుంది. ఒక్క స్వరం దగ్గర మాత్రమే ఝుమ్మని మోగితే లోపల లోపమేమీ లేదు, హారన్ రేకు బోల్టు వదులై ఆ స్వరానికి అదురుతోంది. ఎండాకాలం వాడక వాన వచ్చాక తీసిన హారన్లో పురుగుల గూడు ఉంటే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మూగబోతుంది.

ప్లేయరు బల్లను హారన్‌కు దగ్గరగా పెడితే ఇంకో రకం ఊళ పుడుతుంది. హారన్ అదురు బల్లకెక్కి, బల్ల నుంచి ముల్లుకెక్కి, మళ్లీ హారన్‌లోకి పోతుంది. శబ్దం పెంచేకొద్దీ ఊళ పెరుగుతుంది, ప్లేయరును చేత్తో కొంచెం ఎత్తితే ఆగిపోతుంది. కింద మడిచిన గోనెసంచి వేస్తే ఈ జబ్బు తగ్గుతుంది.

కేసెట్టు తరం

1970ల చివర నుంచి కేసెట్టు ప్లేటును వెనక్కు నెట్టింది. 78 ప్లేట్ల తయారీ అంతకు ముందే ఆగిపోయింది. గాడి పోయి అయస్కాంతపు టేపు వచ్చినా తిరిగే భాగాలు ఉండనే ఉన్నాయి, కాబట్టి పాత సూత్రమూ ఉంది. టేపును లాగే సన్నటి ఇరుసు మీద మట్టి పేరుకుంటే పాట సన్నగా వణుకుతుంది, గవర్నరు జబ్బులాగే. రబ్బరు చక్రం మెరుగెక్కితే మందగించి తొట్రుపడుతుంది. బెల్టు సాగితే పాట మొత్తం దిగిపోతుంది. టేపు చుట్టుకునే చక్రం బిగుసుకుంటే కేసెట్టు చివరికి వచ్చేసరికి శ్రుతి మారుతుంది. హెడ్ మీద మట్టి చేరితే మాత్రం వేగం మారదు, తాళం చిడతల మెరుపు పోయి గొంతు మసకబారుతుంది. ప్లేటుకు అలవాటుపడిన చెవి ఈ తేడాలను వింటూనే విడదీస్తుంది.

వెతికే వరస

ఈ నాలుగు తరాల అనుభవం కలిపితే ఒక వరస ఏర్పడుతుంది. పాత పెట్టెను బాగుచేసేవారికి ఇప్పటికీ అదే దారి.

మొదట వేరే ప్లేటు వెయ్యాలి. చప్పుడు పోతే లోపం ప్లేటుది. పోకపోతే ముల్లు మార్చి చూడాలి. కరెంటు సెట్టులో ఆ తరవాత ముల్లును ప్లేటు మీంచి ఎత్తాలి. రొద వెంటనే ఆగితే అది మోటారు, చక్రం, ఇరుసు వంటి యంత్ర భాగాల నుంచి ముల్లు గుండా వస్తోంది. ముల్లు ఎత్తినా ఝుమ్మంటూ ఉంటే అది విద్యుత్తు వైపు లోపం, భూమి తీగ, పికప్ తీగ, ఆంప్లిఫయరు చూడాలి. పాట గరగరలాడుతుంటే మైకులో మాట్లాడి చూడాలి. మాట శుభ్రంగా వస్తే హారన్, ఆంప్లిఫయరు బాగున్నాయి, జబ్బు ప్లేయరులో ఉంది. మాట కూడా గరగరలాడితే హారన్లు మార్చి చూడాలి. ఇలా ఒక్కొక్క పరీక్షకు యంత్రంలో సగం భాగం అనుమానం నుంచి బయటపడుతుంది.

జబ్బు యంత్రానిదని తేలాక గడియారం పట్టుకుని తాళం లెక్కించాలి. చాలా ఎడంగా వచ్చే ధబ్బు స్ప్రింగుది. చుట్టుకొకసారి వచ్చేది ప్లేటుదో టర్న్‌టేబుల్‌దో. చుట్టుకు పలుమార్లు వచ్చేది రబ్బరు చక్రానిది. లెక్కకు అందని సన్నని వణుకు గవర్నరుదో, మోటారుదో. విప్పేది ఆ తరవాతే, అది కూడా అనుమానించిన ఒక్క భాగాన్నే. ఒకేసారి నాలుగు భాగాలు మార్చితే పెట్టె బాగుపడవచ్చు, కానీ ఏది చెడిందో తెలియదు, అదే జబ్బు మళ్లీ వచ్చినప్పుడు పని మొదటికొస్తుంది.

బాగుచేసిన పెట్టెకు చివరి పరీక్ష పద్యం ప్లేటు. కాగితం ముక్క, గీతల అట్ట వేగాన్ని కొలుస్తాయి. నిలకడను కొలిచేది మాత్రం పద్యం చివర సాగే రాగమే. గాయకుడు పై షడ్జం మీద నిలిచినంతసేపూ ఆ స్వరం చలించకుండా, వెనక హార్మోనియం దానితో కలిసి ఉంటే, స్ప్రింగు నుంచి బాకా దాకా అన్నీ కుదురుగా ఉన్నట్టే.